పలచటి కంట్రోలర్లకు యూనిట్ టెస్టులు రాయాలా? నాలుగు దారులు, మా ఎంపిక

విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీద పట్టుబడి తెల్లవారకముందే మొదలవుతుంది. వల లాగి, రొయ్యల్ని బుట్టల్లోకి ఎత్తి, కాటా మీద పెడతారు. కాటా పక్కనే ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటాడు. రైతు పేరు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో), కిలోలు యాప్‌లో కొడతాడు. వెంటనే చీటీ రావాలి. చీటీ వస్తేనే రైతుకు ధైర్యం, చీటీ వస్తేనే బండి కదులుతుంది. ఆ యాప్ వెనక ఉండే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను నెల్లూరులో మా చిన్న టీమ్ రాసింది.

ఒకరోజు ఆ చీటీ రాలేదు. కుర్రాడు మూడుసార్లు కొట్టాడు, మూడుసార్లూ 404, అంటే 'అలాంటి అడ్రస్ లేదు' అన్న ఎర్రర్, వచ్చింది. నాకు ఫోన్ వచ్చేటప్పటికి ఇంకా చీకటిగానే ఉంది. ముందురోజు సాయంత్రం మేం సర్వర్‌ను స్ప్రింగ్ బూట్ (జావాలో సర్వర్లు రాసే ఫ్రేమ్‌వర్క్) 2 నుంచి 3కి మార్చాం. టెస్టులన్నీ పాసయ్యాయి. దాదాపు ప్రతి కంట్రోలర్‌కూ (బయటి నుంచి వచ్చే రిక్వెస్ట్‌ను అందుకునే కోడ్‌కు) యూనిట్ టెస్టులు (ఒక్కో కోడ్ ముక్కను విడిగా పరీక్షించేవి) ఉన్నాయి, అవి కూడా ఒక్కటి తప్పకుండా పాసయ్యాయి. ఆ నమ్మకంతోనే నిద్రపోయాను.

కారణం దొరకడానికి అరగంట పట్టింది. స్ప్రింగ్ బూట్ 3 కింద నడిచేది 2022 నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 6, అందులో ఒక డిఫాల్ట్ మారింది. అంతకుముందు అడ్రస్ చివర స్లాష్ ఉన్నా లేకపోయినా ఒకటే అనుకుని కంట్రోలర్‌కు చేర్చేది. 6 నుంచి అవి రెండూ వేరువేరు అడ్రస్‌లు. మా యాప్ పాత వెర్షన్ చీటీల అడ్రస్ చివర స్లాష్ పెట్టి పంపేది. కొత్త సర్వర్‌కు ఆ అడ్రస్ తెలియదు. రెండు అడ్రస్‌లనూ అంగీకరించేలా మార్చి డిప్లాయ్ చేసేలోపు చెరువు గట్టు మీద కాగితం చీటీలతో పని నడిపించారు.

ఆ రోజు ఆఫీసులో సింగరాయకొండ నుంచి వచ్చి మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి అడిగాడు: "అన్నా, కంట్రోలర్ టెస్టులన్నీ పచ్చగానే ఉండాయి గదా, మరి ఎట్టా పగిలింది?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాక రెండో ప్రశ్న వేశాడు: "అయితే ఈ టెస్టులు దేనికన్నా? తీసేద్దామా?"

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. ఆ టెస్టులు కంట్రోలర్ ఆబ్జెక్ట్‌ను తయారుచేసి, దాని మెథడ్‌ను నేరుగా పిలుస్తాయి. వాటికి అడ్రస్ అన్నదే తెలియదు. రెండో ప్రశ్న మాత్రం నన్ను కొన్ని వారాలు వదల్లేదు. ఇప్పుడు రాస్తున్నది దాని గురించే. ఉదాహరణలు జావా, స్ప్రింగ్ నుంచి తీసుకుంటున్నాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. మిగతా ఫ్రేమ్‌వర్కుల వాళ్లకు పనికొచ్చే సంగతులు మధ్యలో చెబుతాను.

పలచన అంటే ఎంత పలచన?

ఎంపిక కంటే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. మన కంట్రోలర్ నిజంగా పలచటిదేనా?

కాటా దగ్గర చీటీ రాసే కుర్రాడినే తీసుకోండి. రేటు అతను నిర్ణయించడు. 40 కౌంట్‌కు ఎంత, 60 కౌంట్‌కు ఎంత అన్నది లోపల వేరేవాళ్లు చూసుకుంటారు. అతను చేసేది చెప్పింది సరిగ్గా వినడం, సరైన గడిలో రాయడం, లోపలికి పంపడం, వచ్చిన జవాబును సరైన మనిషి చేతిలో పెట్టడం. అంతే. కంట్రోలర్ కూడా అంతే. రిక్వెస్ట్‌ను అర్థం చేసుకోవాలి, పంపినవారికి అనుమతి ఉందో లేదో చూసే ఏర్పాటు గుండా పోనివ్వాలి, సర్వీస్‌ను (లెక్కలు చేసే లోపలి కోడ్‌ను) ఒక్కసారి పిలవాలి, జవాబును సరైన స్టేటస్ కోడ్‌తో తిప్పి పంపాలి. 1979లో ట్రిగ్వే రీన్స్‌కౌగ్ జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో ఎంవీసీ (మోడల్, వ్యూ, కంట్రోలర్) పద్ధతిని రాసినప్పుడు కూడా కంట్రోలర్ పని బయటి మనిషి ఇచ్చే ఇన్‌పుట్‌ను అందుకోవడమే. అప్పుడు అది కీబోర్డ్, మౌస్. ఇప్పుడు హెచ్‌టీటీపీ.

కంట్రోలర్‌లో ఒక కూడిక, ఒక లూప్, "కౌంట్ 100 దాటితే ఇలా, లేకపోతే అలా" అనే షరతు కనిపించాయంటే అది పలచటిది కాదు. ఇంకో గుర్తు కొంచెం మోసం చేస్తుంది. ఒకే మెథడ్‌లో రెండు సర్వీసులను వరసగా పిలవడం. మా చెల్లింపుల కంట్రోలర్‌లో ఇలాగే ఉండేది: ముందు చెల్లింపు సేవ్ చేసే సర్వీస్, ఆ తర్వాత రైతు ఖాతాలో జమ వేసే సర్వీస్. చూడటానికి రెండే లైన్లు, ఎంతో పలచగా ఉంది. కానీ మొదటిది పూర్తయ్యాక రెండోది ఫెయిలయితే చెల్లింపు ఉంటుంది, ఖాతాలో జమ ఉండదు. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే రెండూ, లేకపోతే ఏదీ కాదు) జరగాలంటే ఆ వరస సర్వీస్ లోపలికి వెళ్లాలి. అలాంటి కంట్రోలర్‌కు ఏ రకం టెస్ట్ రాయాలని ఆలోచించే ముందు ఆ రెండు లైన్లను అక్కడి నుంచి తీసేయడం మంచిది.

ఇకమీద నేను చెప్పేదంతా నిజంగా పలచగా ఉన్న కంట్రోలర్ల గురించి.

మొదటి దారి: అసలు రాయకపోవడం

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మెథడ్‌లో ఒకే లైన్ ఉంటే టెస్ట్ చేయడానికి ఏముంది అన్న వాదనలో నిజం ఉంది. లెక్కలన్నీ సర్వీస్‌లో ఉన్నాయి, సర్వీస్‌కు గట్టి యూనిట్ టెస్టులు ఉన్నాయి. జిల్లాల పేర్లు, మండలాల పేర్లు తిప్పి పంపే ఎండ్‌పాయింట్ (యాప్ పిలిచే ఒక అడ్రస్) పాడైతే యాప్ తెరిచిన మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. అలాంటి వాటికి మేం ఈరోజుకూ ఏమీ రాయలేదు.

చిక్కు ఎక్కడంటే, ఎవరూ వెంటనే చూడని దారులు ఉంటాయి. తప్పుడు డేటా వస్తే 400 ఇవ్వాలి. అనుమతి లేని మనిషి అడిగితే 403 ఇవ్వాలి. రోజూ యాప్ వాడేవాళ్లకు ఈ రెండూ ఎదురుకావు. కాబట్టి అవి పనిచేయకపోయినా ఎవరూ ఫిర్యాదు చేయరు. చెల్లింపుల రిపోర్టు ఎవరికి పడితే వాళ్లకు కనిపిస్తున్నా, చూస్తున్నవాడు మనకు ఫోన్ చేసి చెప్పడు కదా. టెస్టులు రాయకపోవడం వల్ల వచ్చే అసలు నష్టం ఇక్కడ ఉంటుంది.

రెండో దారి: మెథడ్‌ను నేరుగా పిలిచే యూనిట్ టెస్ట్

చాలామంది "కంట్రోలర్ యూనిట్ టెస్ట్" అన్నప్పుడు అనుకునేది ఇదే. మాకిటో అనే లైబ్రరీతో సర్వీస్‌కు ఒక మాక్, అంటే నకిలీ సర్వీస్, తయారుచేస్తాం. ఇలా పిలిస్తే ఇది తిప్పి ఇవ్వు అని మాక్‌కు ముందే చెబుతాం. కంట్రోలర్ మెథడ్‌ను పిలుస్తాం. మనం మాక్‌కు చెప్పిందే వెనక్కి వచ్చిందో లేదో చూస్తాం. కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. కవరేజ్ రిపోర్టులో (టెస్టులు ఏ లైన్లను నడిపాయో చూపేది) కంట్రోలర్ మొత్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది.

కాటా కుర్రాడి విషయానికొస్తే, ఇది అతని పుస్తకంలో మనమే అంకె రాసి, అతను దాన్ని చదవగలడా అని చూడటం లాంటిది. అతను 13ని 30 అని వింటాడేమో, రైతు పేరు వేరే గడిలో రాస్తాడేమో, దారినపోయే మనిషికి చీటీ ఇచ్చేస్తాడేమో అన్నది ఈ పరీక్షలో రాదు.

పలచటి కంట్రోలర్‌లో తప్పులు మెథడ్ లోపల ఉండవు. లోపల ఒకటే లైన్. తప్పులు ఆ మెథడ్ చుట్టూ ఉంటాయి: దాని నెత్తిన పెట్టిన అనోటేషన్లలో (ఫ్రేమ్‌వర్క్‌కు సూచనగా రాసే గుర్తుల్లో), బయటి నుంచి డేటా దాని పరామీటర్లుగా మారే దారిలో. నేరుగా పిలిచినప్పుడు ఆ చుట్టూ ఉన్నదంతా నిద్రలో ఉంటుంది. అడ్రస్ తప్పుగా రాసినా పాసవుతుంది. పోస్ట్ అని ఉండాల్సిన చోట గెట్ అని రాసినా పాసవుతుంది. వ్యాలిడేషన్ (వచ్చిన డేటా సరైనదేనా అన్న తనిఖీ) నడిపించే 'వ్యాలిడ్' అనోటేషన్ మర్చిపోయినా పాసవుతుంది. మేనేజర్‌కు మాత్రమే అని 'ప్రీఆథరైజ్' పెట్టినా అక్కడ అది పనిచేయదు, ఎందుకంటే దాన్ని అమలు చేసేది స్ప్రింగ్ చుట్టే ప్రాక్సీ, మనం తయారుచేసిన ఆబ్జెక్ట్‌కు ఆ ప్రాక్సీ లేదు. సర్వీస్ విసిరిన ఎక్సెప్షన్‌ను 404గానో 409గానో మార్చే కంట్రోలర్ అడ్వైస్ కూడా రంగంలో ఉండదు. 2023లో వచ్చిన స్ప్రింగ్ 6.1 నుంచి, జావా కంపైలర్‌కు పరామీటర్ల పేర్లు నిలిపి ఉంచమని చెప్పకపోతే, పేరు విడిగా రాయని పాత్ వేరియబుల్స్ (అడ్రస్‌లోంచి తీసుకునే విలువలు) రన్‌టైమ్‌లో ఎర్రర్ ఇస్తాయి. ఆ అప్‌గ్రేడ్‌లో దెబ్బ తిన్నవాళ్లకు కూడా నేరుగా పిలిచే టెస్టులు ముందుగా ఏమీ చెప్పి ఉండవు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఒకటి ఉంది. అదృష్టవశాత్తూ అది లైవ్‌కు వెళ్లకముందే దొరికింది. యాప్ రాసే అమ్మాయి జేసన్‌లో (యాప్ నుంచి సర్వర్‌కు డేటా వెళ్లే రూపం) కౌంట్ ఫీల్డ్ పేరును కొద్దిగా మార్చింది. స్ప్రింగ్ బూట్‌లో వచ్చే జాక్సన్ 2 (జేసన్‌ను జావా ఆబ్జెక్ట్‌గా మార్చే లైబ్రరీ) సెట్టింగుల ప్రకారం తెలియని ఫీల్డ్ వస్తే ఎర్రర్ రాదు, వదిలేస్తుంది. రావాల్సిన ఫీల్డ్ రాకపోతే, అది 'ఇంట్' (పూర్ణాంకం) రకం అయితే, దాని విలువ సున్నా అవుతుంది. రొయ్యల వ్యాపారం తెలిసినవాళ్లకు ఇక్కడే గుండె ఆగుతుంది. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. సున్నా కౌంట్ అంటే మా రేటు లెక్కకు అన్నిటికంటే పెద్ద రొయ్య. ప్రతి చీటీకీ అత్యధిక రేటు పడేది. కనీసం ఒకటి ఉండాలన్న నియమం ఆ క్లాస్‌లో రాసే ఉంది, కానీ కంట్రోలర్ పరామీటర్ దగ్గర 'వ్యాలిడ్' పెట్టడం మర్చిపోయాం. మా యూనిట్ టెస్టులో రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌ను జావాలోనే 45 కౌంట్‌తో తయారుచేశాం. అది ఎప్పటికీ పాసవుతుంది.

ఈ రకం టెస్టులకు ఇంకో ఖర్చు ఉంది. సర్వీస్ మెథడ్‌కు ఒక పరామీటర్ చేర్చామంటే ఆ మాక్‌లన్నీ మార్చాలి. ప్రవర్తన మారదు, టెస్టులు మాత్రం విరుగుతాయి. మారాల్సినప్పుడు అడ్డం పడి, పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోని టెస్ట్‌ను ఎందుకు మోయాలి?

అయినా దీనికి తగిన చోటు ఉంది. రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌ను సర్వీస్‌కు కావలసిన రూపంలోకి మార్చే మ్యాపర్ కొంచెం పెద్దదైతే, దాన్ని విడి క్లాస్‌గా తీసి దానికి మామూలు యూనిట్ టెస్టులు రాయండి. అక్కడ మాక్‌లు అవసరం లేదు, టెస్ట్ చదవడానికి కూడా హాయిగా ఉంటుంది.

మూడో దారి: హెచ్‌టీటీపీ గుండా వచ్చే స్లైస్ టెస్ట్

నేను గట్టిగా సమర్థించేది దీన్నే. స్ప్రింగ్‌లో దీనికి 'వెబ్‌ఎంవీసీటెస్ట్' అనే అనోటేషన్ ఉంది, 2016లో స్ప్రింగ్ బూట్ 1.4తో వచ్చింది. ఇది వెబ్ పొరను మాత్రమే లేపుతుంది. డేటాబేస్ లేవదు. సర్వీస్ మాక్‌గానే ఉంటుంది. కానీ మనం మెథడ్‌ను పిలవం. మాక్‌ఎంవీసీ ద్వారా ఒక రిక్వెస్ట్ పంపుతాం: ఈ అడ్రస్, ఈ పద్ధతి, ఈ హెడర్లు, ఈ జేసన్. వచ్చిన రెస్పాన్స్‌లో స్టేటస్ ఏమిటి, జేసన్‌లో ఏ ఫీల్డులు ఉన్నాయి అని చూస్తాం. స్లాష్ ఉన్న అడ్రస్‌తో ఇలాంటి టెస్ట్ ఒక్కటి మా దగ్గర ఉండి ఉంటే, ఆ 404 ముందురోజు సాయంత్రమే ఆఫీసులో కనిపించేది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, చాలామంది జారిపోయేది ఇక్కడే. టెస్టులో పంపే జేసన్‌ను చేత్తో రాయండి. రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌ను తయారుచేసి, దాన్ని జాక్సన్‌తోనే జేసన్‌గా మార్చి పంపితే, ఫీల్డ్ పేరు మార్చినప్పుడు రెండు వైపులా ఒకేసారి మారిపోతుంది. టెస్ట్ పాసవుతుంది, ఫోన్లలో ఉన్న యాప్ మాత్రం పాత పేరుతోనే పంపుతుంటుంది. మేం ఇప్పుడు యాప్ ప్రతి రిలీజ్ నుంచి నిజంగా వెళ్లే రిక్వెస్ట్‌ను ఒక ఫైల్‌గా తీసి, రైతుల వివరాలు తీసేసి, టెస్ట్ ఫోల్డర్‌లో పెట్టుకుంటాం. కొత్తపట్నం వైపు ఒక కొనుగోలుదారు దగ్గర ఏడాది కిందటి ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) ఇంకా నడుస్తోంది. అతను అప్‌డేట్ చేసేదాకా ఆ ఫైల్ మా టెస్టుల్లో ఉంటుంది.

రెస్పాన్స్ వైపు కూడా అంతే. జేసన్‌ను మళ్లీ జావా ఆబ్జెక్ట్‌గా మార్చి పోల్చకుండా, ఫీల్డ్ పేరును అక్షరాలా రాసి చూడండి. తేదీ ఏ రూపంలో వెళుతుందో తప్పకుండా చూడండి. 03-04 అన్నది ఏప్రిల్ 3 అవుతుందా మార్చి 4 అవుతుందా అన్న గొడవ ఖాతా పుస్తకంలో తేల్చడం చాలా కష్టం.

అనుమతుల విషయంలో ఈ దారికి ఒక లోటు ఉంది, తెలుసుకుని వాడాలి. స్లైస్ టెస్ట్ మన కాన్ఫిగరేషన్ క్లాసులను తనంతట తాను వెతికి తెచ్చుకోదు. మన సెక్యూరిటీ కాన్ఫిగరేషన్ ఉన్న క్లాస్‌ను టెస్టులోకి మనమే ఇంపోర్ట్ చేయాలి. చేయకపోతే మనం రాసిన నియమాలు నడుస్తున్నాయన్న భ్రమలో స్ప్రింగ్ బూట్ డిఫాల్ట్ నియమాలను పరీక్షిస్తుంటాం. ఇది సరిచూసుకోవడానికి నేను చేసే పని ఒకటే: టెస్ట్ రాశాక, కంట్రోలర్ మీద ఉన్న 'ప్రీఆథరైజ్' తీసేసి నడుపుతాను. టెస్ట్ ఫెయిలవ్వాలి. ఫెయిలవ్వకపోతే టెస్ట్ తప్పు. అలాగే 'వ్యాలిడ్' కూడా ఒకసారి తీసి చూస్తాను. ఐదు నిమిషాల పని.

ఇంకో లోటు: మాక్‌ఎంవీసీలో నిజమైన టామ్‌క్యాట్ సర్వర్ ఉండదు. సర్వర్ కంటైనర్ చూపించే ఎర్రర్ పేజీ దారి ఇందులో నడవదు. కంట్రోలర్ అడ్వైస్‌లో మనం పట్టుకున్న ఎక్సెప్షన్లు కనిపిస్తాయి, పట్టుకోనివి టెస్టులోకి అలాగే పైకి వచ్చేస్తాయి. మన ఎర్రర్లన్నిటినీ అడ్వైస్‌లోనే తేల్చుకుంటే ఈ లోటు పెద్దగా బాధించదు.

వేగం గురించి ఫిర్యాదు వింటుంటాను. మొదటి టెస్టుకు కాంటెక్స్ట్ (స్ప్రింగ్ సిద్ధం చేసే ఆబ్జెక్టుల సమూహం) లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, నిజమే. ఆ తర్వాత అదే కాంటెక్స్ట్‌ను స్ప్రింగ్ దాచిపెట్టి మళ్లీ వాడుతుంది. డిఫాల్ట్‌గా 32 దాకా దాచుకుంటుంది. కానీ ఒక్కో టెస్ట్ క్లాస్‌లో వేరువేరు మాక్‌ల సెట్ పెడితే ఒక్కోదానికి వేరే కాంటెక్స్ట్ లేస్తుంది, అప్పుడు బిల్డ్ నత్తనడక నడుస్తుంది. ఒక బేస్ క్లాస్‌లో అన్ని సర్వీస్ మాక్‌లూ పెట్టి, కంట్రోలర్ టెస్టులన్నీ దాని నుంచి తీసుకుంటే ఒక్కసారే లేస్తుంది. మాక్‌లు పెట్టడానికి పాత 'మాక్‌బీన్' బదులు 'మాకిటోబీన్' వాడండి. 2024లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3.4లోనే పాతదాన్ని వద్దన్నారు.

ఒక్కో ఎండ్‌పాయింట్‌కు ఎన్ని టెస్టులు? నా లెక్కలో మూడు నాలుగు చాలు. సరైన రిక్వెస్ట్‌కు సరైన జవాబు, తప్పు డేటాకు 400, అనుమతి లేనివారికి 403, లేని చీటీ అడిగితే 404. రేటు లెక్కలు ఇక్కడ మళ్లీ పరీక్షించకండి. 40 కౌంట్‌కు ఒక టెస్ట్, 50 కౌంట్‌కు ఒక టెస్ట్ అని ఇక్కడ రాయడం మొదలుపెడితే సర్వీస్ టెస్టులనే రెండోసారి, నెమ్మదిగా రాస్తున్నట్టు.

మిగతా భాషల వాళ్లకు

ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో ఏపీఐ కంట్రోలర్లకు తప్పు డేటా వస్తే 400 దానంతట అదే వెళుతుంది. ఆ పని ఫిల్టర్‌లో జరుగుతుంది, మెథడ్‌ను నేరుగా పిలిస్తే కనిపించదు. అక్కడ వెబ్ అప్లికేషన్ ఫ్యాక్టరీ మెమరీలోనే సర్వర్‌ను లేపుతుంది, హాయిగా వాడుకోవచ్చు. జాంగోలో టెస్ట్ క్లయింట్ వాడండి. రిక్వెస్ట్ ఫ్యాక్టరీ మిడిల్‌వేర్‌ను దాటేసి పోతుందని గుర్తుంచుకోండి. రైల్స్ వాళ్లు ఈ చర్చను ముందే ముగించారు. 2016లో వచ్చిన రైల్స్ 5లో కంట్రోలర్ లోపలి వేరియబుల్స్‌ను తొంగిచూసే పద్ధతులను ప్రధాన ఫ్రేమ్‌వర్క్ నుంచి వేరే జెమ్‌లోకి పంపేసి, రిక్వెస్ట్ గుండా వచ్చే ఇంటిగ్రేషన్ టెస్టుల వైపు మళ్లారు.

నాలుగో దారి: డేటాబేస్ దాకా మొత్తం నడిపించడం

'స్ప్రింగ్‌బూట్‌టెస్ట్'తో మొత్తం అప్లికేషన్‌ను లేపి, టెస్ట్‌కంటైనర్స్‌తో నిజమైన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను డాకర్‌లో నడిపి, రిక్వెస్ట్ పంపి, చివరికి టేబుల్‌లో ఏం పడిందో చూడటం. అన్నిటికంటే నమ్మదగినది, అన్నిటికంటే బరువైనది. దీన్ని ప్రతి ఎండ్‌పాయింట్‌కూ రాస్తే బిల్డ్ నడుస్తున్నంతసేపు టీ తాగి రావచ్చు, ఆ తర్వాత బిల్డ్ నడపడమే మానేస్తారు. ఇది చాలా టీముల్లో జరిగేదే.

మరి ఎక్కడ తప్పదు? మా దగ్గర ఒక సందర్భం ఉంది. చెరువుల దగ్గర నెట్‌వర్క్ సరిగా ఉండదు. చీటీ వెళ్లిందో లేదో తెలియక యాప్ అదే రిక్వెస్ట్‌ను మళ్లీ పంపుతుంది. ఒకే పట్టుబడికి రెండు చీటీలు పడకూడదు. అందుకని యాప్ ప్రతి చీటీకి ఒక ప్రత్యేక నంబర్ తయారుచేసి పంపుతుంది, డేటాబేస్‌లో ఆ నంబర్ మీద యూనిక్ నియమం ఉంది. రెండోసారి వస్తే మొదటి చీటీనే తిప్పి పంపాలి. ఇందులో కంట్రోలర్, సర్వీస్, ట్రాన్సాక్షన్, టేబుల్ నియమం అన్నీ కలిసి పనిచేయాలి. మాక్ పెట్టిన సర్వీస్‌తో ఇది పరీక్షించడం కుదరదు. మెమరీలో నడిచే హెచ్2 డేటాబేస్‌తో పరీక్షించినా పోస్ట్‌గ్రెస్ ప్రవర్తన అచ్చంగా రాదు. కాబట్టి దీనికి మొత్తం నడిపించే టెస్టే రాశాం, రెండు రిక్వెస్టులను ఒకేసారి పంపి.

ఇలాంటివి మా అప్లికేషన్ మొత్తానికి అరడజను దాటలేదు. చీటీ వేయడం, రేటు పడటం, రైతు ఖాతాలో చేరడం, చెల్లింపు జరగడం. డబ్బు నడిచే దారి అదే.

కవరేజ్ అడిగే క్లయింట్లు

ఒంగోలులో, నెల్లూరులో ఇంట్లో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు ఈ చర్చ మొత్తం విని ఒకే మాట అంటారు: "మాకు 80 శాతం కవరేజ్ కావాలి, లేకపోతే మెర్జ్ కాదు." కోడ్ నాణ్యత చూసే సోనార్‌క్యూబ్ డిఫాల్ట్ క్వాలిటీ గేట్‌లో కొత్త కోడ్‌కు అడిగేది 80 శాతమే. ఆ టెన్షన్‌లో సాయంత్రం ఆరింటికి కంట్రోలర్లకు మాక్ టెస్టులు కాపీ కొట్టి అతికిస్తారు.

వాళ్లకు నేను చెప్పేది, స్లైస్ టెస్ట్ నడిపిన లైన్లను కూడా జాకోకో (జావా కవరేజ్ టూల్) లెక్కిస్తుంది. అదే శాతం వస్తుంది, దానితోపాటు అడ్రస్, వ్యాలిడేషన్, అనుమతి కూడా చూసినట్టు అవుతుంది. ఒకసారి బేస్ క్లాస్ పెట్టుకుంటే ఒక్కో టెస్ట్ రాయడానికి పట్టే సమయంలో కూడా పెద్ద తేడా ఉండదు. టీమ్ లీడ్‌ను ఒప్పించడానికి వాదన అక్కర్లేదు. ఒక కంట్రోలర్ తీసుకుని, అందులో 'వ్యాలిడ్' తొలగించి, పాత టెస్టులు, కొత్త టెస్టులు రెండూ ఆయన ముందే నడిపి చూపించండి.

ఎవరికి ఏది

ఒక్కరే కూర్చుని గూడూరు నిమ్మకాయల మార్కెట్‌కో, ఉలవపాడు మామిడి తోటల వాళ్లకో చిన్న అప్లికేషన్ రాస్తున్నారనుకోండి. మీ దగ్గర ఒక మధ్యాహ్నం మాత్రమే ఉంది. కంట్రోలర్ టెస్టులు పక్కన పెట్టి, లెక్కలున్న సర్వీస్‌కు యూనిట్ టెస్టులు రాయండి, డబ్బు నడిచే దారి మీద మొత్తం నడిపించే టెస్టులు రెండు రాయండి. మీరు వాడే యాప్ మీ చేతిలోనే ఉంది, మీరే మొదటి యూజర్.

వెబ్‌సైట్, సర్వర్ రెండూ ఒకే టీమ్ రాసి, ఒకేసారి డిప్లాయ్ చేస్తుంటే ఫీల్డ్ పేర్ల భయం తక్కువ. అనుమతులు, తప్పు డేటా మీద మాత్రం స్లైస్ టెస్టులు పెట్టుకోండి.

సర్వర్ మీదైతే, దాన్ని వాడే యాప్ ఇంకొకరి చేతిలో ఉంటే, లేదా ఫోన్లలో పాత వెర్షన్లు తిరుగుతుంటే, స్లైస్ టెస్టులు తప్పనిసరి. చేత్తో రాసిన జేసన్‌తో. ఈ సందర్భంలో నేను రాజీపడను.

ఎప్పుడో రాసిన లావు కంట్రోలర్ చేతికి వచ్చిందా? అందులో మూడు వందల లైన్లు, ఐదు ఇఫ్‌లు, నేరుగా డేటాబేస్ క్వెరీలు ఉన్నాయా? దాన్ని ముందే విడగొట్టకండి, మెథడ్ స్థాయి యూనిట్ టెస్టులూ రాయకండి. విడగొట్టగానే ఆ టెస్టులు ఎందుకూ పనికిరావు. ఇప్పుడున్న ప్రవర్తనను, తప్పయినా సరే, మొత్తం నడిపించే టెస్టులతో బయటి నుంచి పట్టి ఉంచండి. ఆ తర్వాత లోపలి లెక్కలను ఒక్కొక్కటిగా సర్వీస్‌లోకి తీయండి. తీసిన ప్రతి ముక్కకూ అక్కడ యూనిట్ టెస్ట్ రాయండి. అది పూర్తిగా పలచబడ్డాక బరువైన టెస్టుల్లో కొన్నిటిని స్లైస్ టెస్టులుగా మార్చుకోవచ్చు.

మా దగ్గర ఏం చేశాం

పాత మాక్ టెస్టులను ఒకేరోజు తీసేయాలన్నది సింగరాయకొండ తమ్ముడి కోరిక. నేను ఒప్పుకోలేదు. ఏ ఎండ్‌పాయింట్‌ను ముట్టుకుంటే దానికి ముందు స్లైస్ టెస్టులు రాసి, అదే కమిట్‌లో పాతవి తీసేయమన్నాను. చీటీల కంట్రోలర్‌తో మొదలుపెట్టాం, ఆ తర్వాత చెల్లింపులు, ఆ తర్వాత రైతు వివరాలు. చీటీల కంట్రోలర్ పూర్తయ్యేలోపే ఒక నిజమైన తప్పు దొరికింది: చీటీ రద్దు చేసే ఎండ్‌పాయింట్‌కు మేనేజర్ అనుమతి ఉండాలని అందరం అనుకుంటున్నాం, కోడ్‌లో ఆ అనోటేషన్ లేదు. కాటా దగ్గర లాగిన్ ఉన్న ఎవరైనా చీటీ రద్దు చేయగలరు. మొదటి రోజు నుంచీ అలాగే ఉంది. దానికి నాలుగు యూనిట్ టెస్టులు ఉన్నాయి, నాలుగూ పాసవుతూనే ఉన్నాయి.

చెల్లింపులు గత నెల పూర్తయ్యాయి. రైతు వివరాల కంట్రోలర్ ఇప్పుడు ఆ తమ్ముడి చేతిలో ఉంది. కొత్తపట్నం ఏపీకే నుంచి తీసిన రిక్వెస్ట్ ఫైల్‌లో ఫోన్ నంబర్ అంకెగా వస్తోంది, కొత్త యాప్‌లో అక్షరాలుగా వస్తోంది. రెండింటికీ ఒకే టెస్ట్ సరిపోతుందా, వేరువేరుగా రాయాలా అని అడిగాడు. వేరువేరుగా రాయమన్నాను.